నోరు మెదపకపోతే

మా ఆయన గంట నుంచి ఫోన్లో కస్టమర్ కేర్ అమ్మాయికి న్యాయం, ధర్మం బోధిస్తున్నారు. స్పీకర్ పెట్టారు కాబట్టి నాకూ ఉచితంగా చదువు అబ్బుతోంది.

"నన్నడక్కుండా కారు ఇన్సూరెన్స్ ఎలా రెన్యూ చేశారమ్మా?"

"మీరు వద్దనలేదు కదా సార్. ఆటోమేటిక్‌గా అయిపోతుంది."

"నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టేనా? పైగా తాళాలు పోతే కవరట, టైరు పేలితే కవరట! వాటికి కూడా డబ్బులు లాగేశారు. అవెవరడిగారు?"

"అవి దాంతోపాటే వస్తాయి సార్."

"మనిషన్నాక ఒక్క మాట అడగాలమ్మా, అడగాలి!" అంటూ బల్ల గుద్ది ఫోను పెట్టేశారు. ఆ ధర్మాగ్రహానికి బల్ల మీది గ్లాసు గజగజలాడింది.

ఆ గ్లాసుతోనే మంచినీళ్ళిచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, చల్లగా చెప్పారు.

"అన్నట్టు, రేపు అన్నయ్యావాళ్ళు వస్తున్నారు. ఎప్పటిలాగే సెలవులన్నీ ఇక్కడే. ఈసారి వాళ్ళతోపాటే వదిన వాళ్ళమ్మ, తమ్ముడు కూడా. నువ్వు ఆఫీసుకు సెలవు పెట్టెయ్."

"నన్నడిగారా?"

"ఏటా వచ్చేవాళ్ళేగా! నువ్వెప్పుడూ వద్దనలేదుగా?"

నిజమే, అనలేదు. బుద్ధిగా సెలవు పెట్టాను. బట్టలు సర్దుకుని కారు తాళాలు తీసుకున్నాను.

"ఎక్కడికి?"

"మా చెల్లెలింటికి. మీవాళ్ళు వెళ్ళాక వస్తాను. కంగారు పడకండి, కారుకి ఇన్సూరెన్స్ ఉందిగా!"

ఆయన నోరు మెదపలేదు.

అంటే, ఒప్పుకున్నట్టే.