నల్లపెట్ట కూత

ఇంటావిడ పెరట్లోని బొల్లిపెట్ట కింద బాతుగుడ్లు పెట్టి పొదిగించింది. పుట్టిన ఆరు పిల్లలూ నాలుగో రోజే నీటిగుంటలోకి దిగాయి. బొల్లిపెట్ట గట్టు మీద గుండెలు బాదుకుంది.

"మన కోళ్లలో ఎవరన్నా నీళ్లలోకి దిగారా? నీ పెంపకం ఏడిచినట్టుంది," అంది పుంజు.

బొల్లిపెట్ట తల్లి నల్లపెట్టకీ నీళ్లంటే భయమే. అయినా గట్టు మీద రెక్కలు పరిచి కూర్చుంది. "ఈదనీవే. తడిసొస్తే ఆరబెట్టడానికి నేను లేనూ? నువ్వెళ్లి నాలుగు గింజలు తిను," అంది కూతురితో. పిల్లలు రోజూ బురద కాళ్లతో వచ్చి అమ్మమ్మ రెక్కల కింద దూరేవి.

ఓ మధ్యాహ్నం అవి గట్టున ఆడుతుంటే గద్ద దిగింది. పుంజు గంప కింద దూరింది. బొల్లిపెట్ట పిల్లల్ని రెక్కల కిందికి పిలవబోయింది.

"ఇటు కాదర్రా, నీళ్లలోకి పొండి," అని అరిచింది నల్లపెట్ట.

ఆరూ బుడుంగున మునిగి తామరాకుల చాటున తేలాయి. గద్ద ఉత్త కాళ్లతో ఎగిరిపోయింది.

నల్లపెట్ట గోడెక్కి, పుంజులా గొంతెత్తి కూసింది. పెట్ట కూస్తే అరిష్టమని ఆ పెరట్లో నమ్మకం. ఆ మాట అనవలసిన పుంజు ఇంకా గంప కిందే ఉంది.