శుక్రవారం భోజనం

చదువుకున్న పిల్ల కదా, మన తిండీ మన మనుషులూ దీని కంటికి ఆనరని మా ఇంట్లో గట్టి నమ్మకం. అందుకే ఏరికోరి పారిస్‌లో చదివొచ్చిన జవాద్‌ను నాకు పెళ్ళికొడుకుగా చూశారు.

అతను నన్ను కాసాబ్లాంకాలోకెల్లా ఖరీదైన ఫ్రెంచి రెస్టారెంటుకి తీసుకెళ్ళాడు. అదీ శుక్రవారం మధ్యాహ్నం, ఊరంతా నమాజు ముగించుకుని ఇళ్ళల్లో రవ్వని ఆవిరిమీద ఉడికించి కూరగాయలతో వడ్డించే కుస్‌కుస్ పళ్ళెం చుట్టూ చేరే వేళ.

కూర్చోగానే అతని ఫోను మోగింది. "మీటింగులో ఉన్నానమ్మా, మీరంతా తినెయ్యండి," అని పెట్టేసి నావైపు తిరిగాడు. "వారం వారం అదే రవ్వ, అదే గుమ్మడికాయ! మా అమ్మకి ఇంకో వంట రాదు. నువ్వు బతికిపోయావు నుజ్హా, నీకా బాధ ఉండదు."

నా బదులు కూడా అతనే ఫ్రెంచిలో ఆర్డరిచ్చాడు. బండిచక్రమంత ప్లేటు వచ్చింది. నడుమ చెంచాడు రవ్వ, దానిమీద గోరంత గుమ్మడి ముక్క.

జవాద్ కళ్ళు మూసుకుని చప్పరించాడు. "చూశావా? ఇలాంటి చెయ్యి మన దేశంలో పుట్టదు."

"ఏమిటిది?" అన్నాను.

"పేరు ఫ్రెంచిలోనే అందంగా ఉంటుంది. మెల్లిగా నీకూ అలవాటవుతుందిలే."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి నేనే తీసి "హలో" అన్నాను.

"ఎవరు తల్లీ?" అంది వాళ్ళమ్మ.

"నేనమ్మా, నుజ్హాని. మీటింగు అయిపోయింది. మీవాడు ఇక్కడ కుస్‌కుస్ తింటున్నాడు. నేను మీ ఇంటికి వస్తున్నాను, ఆకలేస్తోంది, నాకు వడ్డించండి. మీ కోడలిని మాత్రం కాను."