దూరం ఫోటో

“చీర నువ్వు కట్టుకోని నిలబడు పాపా. ఎండకు హర్షిణి రంగు పోతాది. నీకింక పోయేదేముండాది?” అంది పిన్ని నవ్వుతూ.

పది రోజుల్లో పిన్ని కూతురు హర్షిణి పెళ్లి. అహోబిలం దారిలో, వెనక కొండలు కనపడేలా ఆరుబయటే మండపం వేయాలని దాని పట్టు. పెళ్లిచీర ఆ వెలుతురులో ఎలా పడుతుందో ముందే చూడాలన్నాడు ఫోటోగ్రాఫర్.

పిన్ని తన చేత్తోనే నాకు కుచ్చిళ్లు సర్దింది, జడ అల్లింది, మల్లెపూలు పెట్టింది. ఆ కాసేపూ నాకు బాగానే అనిపించింది. తర్వాత గంటసేపు మే నెల ఎండలో నిలబడ్డాను. హర్షిణి ఏసీ కారులోంచి అద్దం దించి, “అక్కా, కొండ పక్కకు తిరుగు!” అని అరుస్తూనే ఉంది.

అలా మొహం కనపడకుండా కొండవైపు తిరిగినప్పుడు దూరం నుంచి తీసిన ఫోటో ఒకటి బాగా వచ్చింది. హర్షిణి దాన్ని పెళ్లికొడుక్కి పంపింది. వెంటనే జవాబు వచ్చింది.

“శానా బాగుండావు. నిన్నింత అందంగా ఎప్పుడూ చూడలే. ఇదే పెద్దది చేసి గేటు కాడ పెట్టిద్దాం.”

కారంతా నవ్వులు. “అది నేను కాదని ఆయనకు చెప్పొద్దులేమ్మా,” అంది హర్షిణి.

నాకు నవ్వు రాలేదు. పోయిన మాఘంలో పెళ్లిచూపులకని మా ఇంటికొచ్చి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చూసి, పిల్ల నలుపని చెప్పి, కాఫీ తెచ్చిన హర్షిణిని అడిగినవాడు ఇతనే.

చీర మీద పడకుండా నా మెడ మీది చెమట ఒత్తుతూ పిన్ని అంది.

“పెండ్లినాడు గూడా ఎండలో తీసే దూరం ఫోటోలకు నువ్వే నిలబడుదువులే పాపా. ఆయప్పకేం తెలుస్తాది?”