ఇత్తడి గంగమ్మ

“అది గంగమ్మ కాదమ్మా, మా అబ్బా మోటరు ఫ్యాను,” అన్నాడు మహమూద్, చెప్పులు విప్పుకుంటూనే.

గూటి ముందు కూర్చున్న అలివేలమ్మ తల కూడా తిప్పలేదు. దీపం వత్తి సరిచేసుకుంటూ జవాబిచ్చింది.

“ఫ్యానని మాకు తెల్వదా? మా ఆయన శంకరయ్య వలల్నే పడ్డది. బోట్ల ఎనకాల ఇసొంటియి శానా చూసినం. తెలిసే మొక్కినం. జర పక్కకు జరుగు, ఎలుతురుకు అడ్డమొస్తున్నవ్.”

మహమూద్ జరిగాడు కానీ కళ్ళు మాత్రం గూటిని వదల్లేదు. గద్వాలలో బోరు మోటార్లు బాగుచేసి బతికే మనిషి. అది బతుకుతెరువు. పిచ్చి మాత్రం పడవ వెనక బిగించే పాతకాలపు మోటార్ల మీద. ఎక్కడ తుప్పు పట్టి కనిపించినా ఇంటికి మోసుకొస్తాడు, ఏ పార్టు లేదో కనిపెడతాడు, అది దొరికేదాకా భార్య మెహరున్నిసాను కూడా నిద్రపోనివ్వడు. అలా కొన్నింటికి ప్రాణం పోశాడు.

ఇప్పుడు బాగుచేస్తున్నది తండ్రి బాసిత్ నడిపిన మోటారు. కృష్ణ మీద వంతెన లేని కాలంలో జనాన్ని ఒడ్డు దాటించింది. ఒక వరదలో దాని ఫ్యాను ఊడి ఏట్లో పడిపోయింది. తండ్రి కూడా పోయాక మహమూద్ మిగతావన్నీ సమకూర్చాడు. ఫ్యాను ఒక్కటే దొరకలేదు. బజారులో దొరికేవేవీ ఆ ఇరుసుకు ఎక్కలేదు.

పంపు బాగుచేయడానికి ఈ చేపల వాళ్ళ పల్లెకు వచ్చి, దారిలో గూట్లోకి చూశాడు. పసుపు కింద మూడు ఇత్తడి రెక్కలు. ఒక రెక్క అంచున గోరంత నొక్కు. బండకు కొట్టుకుని పడిన ఆ నొక్కు గురించి తండ్రి ఎన్నిసార్లు చెప్పాడో.

“బదులు వేరేది చేపిచ్చి ఇస్తనమ్మా.”

“నాకైతే ఏ ఇత్తడైనా ఒకటే. ఊరోళ్లకు గాదు. ఈ తల్లి వచ్చినంక మా ఇండ్లల్ల ఒక్కడు గూడ ఏట్లె మునిగి పోలేదు. ఇస్తనంటే నన్ను బతకనిస్తరా? నేను పూజ చేసేదాన్నే గాని, మాలికురాలిని గాదు.”

ఆమె చెప్పిందాంట్లో తప్పేముంది అనుకున్నాడు మహమూద్.

“అయినా ఆ మోటరు నడిపిచ్చి ఏం జేస్తవ్? బ్రిడ్జిలు వచ్చె గద.”

“ఏం జెయ్యనమ్మా. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఒక్కపారి పోయొస్త. అబ్బా కూసున్న జాగల కూసుంట. గంతే.”

అలివేలమ్మ అప్పుడు తల తిప్పి అతన్ని చూసింది.

“నకలు చేపిచ్చుకో,” అంది. “అచ్చు తీసుకుంటే తీసుకో. చేతులు కడుక్కొని రా.”

వనపర్తిలో ఇత్తడి పోత పోసే రాఘవేందర్ ఆ మట్టి అచ్చును అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఈ నొక్కు గూడ పొయ్యాల్నా భాయ్?”

“అది లేకుంటే మా అబ్బాది ఎట్లయితది?”

“పోస్త. రూపం మాత్రం నా పూచీ. నీళ్లల్ల ఎట్ల తిరుగుతదో నాకు తెల్వదు. రెక్క ఒంపు జరంత తేడా వచ్చినా పడవ వణుకుతది. నడుమ తూటు చిన్నగనే ఉంచుత. బిగిచ్చేటప్పుడు ఆకురాయితోని రాకి పెద్దగ చేసుకో.”

ఫ్యాను తయారవగానే మహమూద్ దాన్ని నేరుగా అలివేలమ్మకు చూపించాడు. ఆమె ఒళ్ళో పెట్టుకుని రెక్కలన్నీ తడిమింది.

“మంచిగ చేసిండు. ఈ రాత్రి అమ్మ కాళ్ల కాడ ఉండనియ్యి. నీళ్లల్లకు పొయ్యేటిది, అమ్మ చూపు తాకాలె.”

అతనికి మనసు ఆగడం లేదు. అయినా సరేనన్నాడు.

తెల్లారి వెళ్ళేసరికి ఆమె ఫ్యానును చింతపండుతో తోమి, పసుపు రాసి, కుంకుమ పెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచింది. రెండు చేతులతో అందించింది.

“ఏడాదికోపారి తెచ్చి చూపిచ్చిపో.”

“అమ్మకా?”

“నాకే అనుకో.”

రేవులో, మోటారు బిగించిన తండ్రి పడవ వెనక కూర్చుని మహమూద్ ఆకురాయి తీశాడు. దాని అవసరమే పడలేదు. ఫ్యాను ఇరుసు మీదికి చక్కగా ఎక్కి కూర్చుంది. రాఘవేందర్ ఊరికే భయపెట్టాడు గానీ కొలత తప్పేవాడు కాదని మురిసిపోయాడు.

తాడు లాగాడు. మోటారు దగ్గి, పొగ కక్కి, అందుకుంది. పడవ నీటి మీద సాఫీగా జారింది.

“వణుకుతదంటివి గద?” అంది మెహరున్నిసా, ముందు బల్ల మీద కూర్చుని, దాని అంచును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని.

“నేనూ గట్లనే అనుకున్న.”

“మరి కండ్లల్ల నీళ్లేంది?”

“పొగ.”

మెహరున్నిసా నవ్వి, పొగ రాని వైపుకు మొహం తిప్పుకుంది. మహమూద్ చిన్నప్పుడు విన్న చప్పుడే అది. తండ్రి కూర్చున్న చోటే కూర్చుని, తండ్రి పట్టుకున్న పిడే పట్టుకుని ఏరు దాటుతున్నాడు. ఇంతకంటే ఏం కావాలి అనిపించింది అతనికి. నిజంగానే ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

తిరిగొచ్చాక ఒడ్డున నిలబడ్డ అలివేలమ్మ దగ్గరికి పరుగున వెళ్ళాడు.

“నకలే ఇంత మంచిగ నడిస్తే, అసలుది ఎట్ల నడుస్తుండెనో అమ్మా.”

“గట్లనే నడుస్తుండె తియ్యి,” అందామె, పడవ వైపే చూస్తూ.

మహమూద్ దంపతులు వెళ్ళిపోయారు. పల్లె జనం ఎప్పటిలాగే పూజకు వచ్చి చేతులు జోడించారు.

గూట్లోని కొత్త ఫ్యానుకు అలివేలమ్మ మొదటిసారి బొట్టు పెట్టింది.