పక్క చక్రం

హెడ్ క్లర్కుగారి చక్రం మీద మట్టి గిన్నె ఒక్క ఊపు ఊగి, పక్కకి ఒరిగి, చతికిలబడింది.

ఆయన ఎవరి కంటనైనా పడ్డానేమోనని తలెత్తేలోపే పక్క చక్రం మీద ‘థప్’మని ఇంకా పెద్ద చప్పుడు. అక్కడ కూర్చునే పెద్దాయన కుండ కుప్పకూలి, మట్టి ఆయన కళ్లద్దాల దాకా చిందింది.

క్లాసంతా అటు తిరిగి నవ్వింది. హెడ్ క్లర్కుగారు అందరికన్నా గట్టిగా నవ్వారు.

రిటైరయ్యాక ఆయన పట్టుకున్న సరదాల్లో ఇది నాలుగోది. వేణువు మంచం కిందికి చేరింది. ఈత కళ్లజోడు అటకెక్కింది. చదరంగం బల్ల మీద వాళ్లావిడ వేడి గిన్నెలు దించుతోంది.

“ఇదీ మూన్నాళ్ల ముచ్చటే” అని ఆవిడ ముందే తేల్చేసింది. “ఒక్క గిన్నె చేసి తెండి చూద్దాం. జీవితాంతం అందులోనే తింటాను.”

ఆ గిన్నె తెచ్చి ఆవిడ ముందు పెట్టాలి. హెడ్ క్లర్కుగారికి ఇక వేరే కోరికల్లేవు.

మూతబడ్డ ప్రింటింగ్ ప్రెస్సు హాలుని అద్దెకు తీసుకుని టీచరమ్మ ఈ కుండల క్లాసు నడుపుతోంది. గోడల నిండా ఇంకా సిరా మరకలే. గుమ్మం పక్కన నడుమెత్తు కూజా ఒకటి ఉంది. వచ్చేవాళ్లెవరూ దాన్ని ఓసారి నిమరకుండా లోపలికి రారు.

ఓ రోజు హెడ్ క్లర్కుగారు పెద్దాయన్ని దాని ముందుకి లాక్కెళ్లారు.

“కుండంటే ఇలా ఉండాలండీ. రోజూ కాసేపు చూస్తూ నిలబడండి, కొంతైనా పట్టుబడుతుంది.”

“మెడ దగ్గర కాస్త లావైంది కదూ, బాబూ?”

“అందని ద్రాక్షపళ్లు పుల్లన! ముందు మీది నిలబెట్టండి.”

“నిజమే బాబూ” అని పెద్దాయన బుద్ధిగా తలూపారు.

నెలలు గడిచాయి. హెడ్ క్లర్కుగారి గిన్నె సగం దాకా నిలబడసాగింది. దాంతో ఆయన కళ్లు నెత్తికెక్కాయి.

“టీచరమ్మా, ఆయన్ని ఇంకెక్కడైనా కూర్చోబెట్టండి. ఆ చప్పుళ్లకి నా ఏకాగ్రత పాడవుతోంది. మట్టి దండగ, ఆయనకీ ఆయాసం.”

టీచరమ్మ ఏదో అనబోయింది. ఈలోగా పెద్దాయనే లేచారు.

“సార్ చెప్పింది సబబేనమ్మా. నిలదొక్కుకున్నారుగా” అంటూ వెళ్లి చేతులు కడుక్కున్నారు.

తర్వాతి క్లాసుకి పక్క చక్రం ఖాళీ.

హెడ్ క్లర్కుగారి గిన్నె లేచింది. ఊగింది. చతికిలబడింది.

పక్కనుంచి ఏ చప్పుడూ రాలేదు. క్లాసంతా ఈయన వైపే తిరిగింది.

“థప్!” అన్నారెవరో. అందరూ పకపకా నవ్వారు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రెండోదీ కూలింది. మూడోది అసలు గిన్నె అవుదామన్న ఉద్దేశమే చూపించలేదు.

ఏప్రన్ విప్పి మడతపెట్టారు. మంచం కింద, వేణువు పక్కన చోటుంది.

గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయారు. “టీచరమ్మా, ఆ పెద్దాయన్ని మళ్లీ రమ్మనండి. ఆయనుంటే నాకు... కాస్త ధైర్యంగా ఉండేది.”

“ఆయన మొన్నే అన్నయ్య వాళ్ల ఊరెళ్లిపోయారు సార్. ఇక్కడ తన పనైపోయిందన్నారు.”

“మీ అన్నయ్యా? ఆయన మీకేమవుతారు?”

“మా నాన్న.”

హెడ్ క్లర్కుగారు నోరు వెళ్లబెట్టారు. “ఇంతమందికి నేర్పుతున్నారు, కన్నతండ్రికి ఒక్క కుండ నిలబెట్టడం నేర్పలేకపోయారా?”

టీచరమ్మ గుమ్మం పక్క కూజా మీద చెయ్యి వేసింది.

“ఇది చేసింది ఆయనే సార్. మెడ లావైందని ఇప్పటికీ బాధపడుతుంటారు.”

ఖాళీగా ఉన్న పక్క చక్రం వైపు చూస్తూ అంది.

“మీది పడిన ప్రతిసారీ తనదీ పడగొట్టేసేవారు, నవ్వేవాళ్లు మీ వైపు చూడకుండా.”