పొరుగూరాయన చెయ్యెత్తాడు

హలో, వినపడుతోందా అందరికీ? ఫోను కాస్త చెవి దగ్గర పెట్టుకోండి. ఇక్కడ వెర్మాంట్‌లో మా పక్క ఊళ్ళో జరిగిన సంగతి చెబుతాను. చిన్నదే.

హాల్‌బరో బడి మూసేద్దామని ఊళ్ళో సగం మంది అన్నారు.

వద్దని మిగతా సగం.

మార్చిలో ఊరి సభ. అక్కడ చేతులెత్తి తేల్చుకోవాలి.

బడి నిలబెట్టాలని లోర్నా టటిల్ ఆన్‌లైన్‌లో గ్రూపు పెట్టింది. ఆమె కూతురు అక్కడే రెండో తరగతి. బడి పోతే ఆ పిల్ల తెల్లారకుండానే మంచులో నిలబడి, కొండ అవతలికి పోయే బస్సెక్కాలి.

"ఏ పార్టీవాళ్ళైనా రండి, మాట్లాడుకుందాం" అని గ్రూపు నెత్తిన రాసింది కూడా.

వచ్చాడొకాయన. ఓరిన్ లాపాంట్. ఎవరికీ తెలియదు. పేరు పక్కన ఫొటోలో ఆయన ఇల్లు, ఇంటి ముందు అవతలి పార్టీ బోర్డు.

"ఒక సందేహమమ్మా. మీ ఇద్దరు టీచర్లూ జూన్‌లో రిటైరవుతున్నారు. ఈ కొండల్లోకి కొత్తవాళ్ళు ఎవరొస్తారు?"

"వస్తార్లెండి, మీకెందుకు దిగులు?" అంది లోర్నా స్నేహితురాలు బెట్సీ.

"సభలో అడిగినా ఇదే చెబుతారా?"

"బోర్డు చూశారా? బడులు మూయించే పార్టీ!" అన్నాడొకడు.

"తాతగారూ, ఇవాళ మాత్రలు వేసుకున్నారా?" అన్నాడింకొకడు.

నవ్వే బొమ్మలు వరసగా పడ్డాయి.

"వేసుకున్నానండీ. టీచర్ల సంగతి చెప్పండి."

మర్నాడూ అదే అడిగాడు. ఆ పై వారమూ అదే. ఎవరెంత వెటకారం చేసినా 'అండీ' మాత్రం వదల్లేదు.

బెట్సీ మొగుడు క్లైడ్ ఒక్కడే అన్నాడు, "అడిగినదాంట్లో తప్పేముంది? మన దగ్గర జవాబు లేదుగా."

"నువ్వు అసలు ఎటువైపు?" అంది బెట్సీ.

క్లైడ్ తను రాసింది చెరిపేశాడు.

లోర్నాకి విసుగొచ్చింది. ఓరిన్‌ని గ్రూపులోంచి తీసేసింది.

"పీడ వదిలింది!" అన్నారంతా.

ఇక గ్రూపంతా ప్రశాంతం. ఎవరేం రాసినా చప్పట్లే. గెలిచేశామనే అనుకున్నారు.

సభ రోజు బడి ఆటల హాల్లోనే కుర్చీలు వేశారు. లోర్నా మాట్లాడుతుంటే కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడు లేచాడు వార్నర్ పైక్. బడి మూసేద్దామనేవాళ్ళకి పెద్ద.

"బాగా చెప్పావమ్మాయ్. మరి జూన్ తర్వాత పాఠాలెవరు చెబుతారు?"

లోర్నా బెట్సీ వైపు చూసింది. బెట్సీ కాఫీ కప్పులోకి చూసుకుంది.

"అదీ... వస్తారు... ఎవరో ఒకరు..."

వెనక వరసలో ఒక ముసలాయన చెయ్యెత్తాడు.

"దీనికి నేను చెప్పొచ్చా? నా పేరు ఓరిన్ లాపాంట్. కార్వర్ నుంచి వచ్చాను."

సభ నడిపే ఆవిడ సుత్తి కొట్టింది. "పొరుగూరాయన. మన పద్ధతి తెలుసుగా, మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే మాట్లాడాలి. ఏమంటారు?"

"అమ్మో, ఆ బోర్డాయనే!" అంది బెట్సీ.

"వద్దు!" అని అందరికంటే ముందు అరిచింది లోర్నానే.

"వద్దు! వద్దు!" ఆమె వెనకాల వాళ్ళంతా అందుకున్నారు.

క్లైడ్ చెయ్యి సగం లేచి, మళ్ళీ దిగిపోయింది.

"సరేనండీ" అని ఓరిన్ టోపీ తీసుకుని బయటికి నడిచాడు. ఆయన పక్కన కూర్చున్న ఇద్దరమ్మాయిలూ లేచి వెనకే వెళ్ళారు.

ఓట్లు లెక్కపెట్టారు. కాస్తలో పోయింది బడి.

అందరూ భోజనానికి, హామూ బీన్సూ వడ్డించుకోవడానికి పక్క గదిలోకి వెళ్ళారు. లోర్నా ఒక్కతే కుర్చీలు మడుస్తోంది. వార్నర్ వచ్చి తనూ ఒక కుర్చీ మడిచాడు.

"తినలేదేమ్మాయ్?"

"గెలిచారుగా. మీరు వెళ్ళి తినండి."

"మీరు ఆయన్ని మాట్లాడనిచ్చుంటే ఓడేవాణ్ణి. ఇప్పుడే బయట కారు దగ్గర పలకరించి వస్తున్నా."

"ఆయన మీవాడేగా?"

"ఎన్నికల్లో ఓటు మా పార్టీకే వేస్తాడు. కార్వర్ బడికి ఆఖరి హెడ్‌మాస్టరు ఆయన. టీచర్లు దొరక్కే అది మూతపడింది. ఇక్కడా అదే జరుగుతుందని భయపడి మిమ్మల్ని అడిగాడట."

"మరి... మేం తీసేశాక?"

వార్నర్ ఇంకో కుర్చీ మడిచి గోడకి ఆనించాడు.

"మీ దగ్గర జవాబు లేదని తెలిశాక తనే వెతకడానికి బయల్దేరాడు లోర్నా. ఇందాక ఆయనతోపాటు లేచి వెళ్ళిపోయిన ఇద్దరమ్మాయిలూ మీ బడిలో చేరడానికి ఒప్పుకుని వచ్చిన టీచర్లు."

అంతేనండీ. ఇవాళ మీ గ్రూపులోంచి ఎవరినైనా తీసేద్దామని వేలు మీట మీద పెట్టినవాళ్ళుంటే, అది నొక్కకముందే ఈ కథ వాళ్ళకి పంపండి.