మిషను మింగిన మనిషి

పరంధామయ్య మీద దేవరాజులుకు కడుపుమంట ఈనాటిది కాదు. పాకాల రైల్వే గేటు దగ్గర టెంటు సినిమా వేసుకుని బతికే ఆ పెద్దమనిషి, డెబ్భైతొమ్మిదిలో ఆ ఇంగ్లీషు బొమ్మ తేకపోయి ఉంటే ఊరు ఊరుగా ఉండేది.

అప్పటికి ఊళ్లో పన్నెండిళ్లదీ ఒకటే మాట. ఫ్యాక్టరీకి పొలాలు ఇచ్చేది లేదు. అందరూ కాదంటే ఆఫీసర్లు వేరేచోటు చూసుకుంటారు. ఆ మాట మీద అందరినీ నిలబెట్టింది మునెయ్య.

శనివారం మొదటి ఆటకు ఊరంతా కదిలింది. ఇంగ్లీషు బొమ్మ ఆడితే మైకులో కథ చెప్పడం ఆ టెంటు మర్యాద. చెప్పేవాడు తెర వెనక కూర్చుంటాడు. మద్రాసులో చదువుకున్న మనిషని పరంధామయ్య అందరికీ చెప్పుకున్నాడు.

బొమ్మలోది రాబోయే కాలపు పట్నం. మనుషులకు పేర్లు లేవు, నంబర్లే. ఎవరు ఏ పని చెయ్యాలో, ఎవరు ఎక్కడుండాలో ఒక మిషను చెబుతుంది. ఒకడు మాత్రం వినేది లేదన్నాడు. ఒంటరిగా పోయి దాని ముందు నిలబడ్డాడు.

తెర తెల్లబడింది.

"మహాజనులారా, మిషను వాణ్ణి మింగివేసినది. తలవంచినవారు సుఖముగా బ్రతికినారు. శుభం," అంది డబ్బా స్పీకరు.

సోమవారం ఆఫీసరు వచ్చి రచ్చబండ కాడ బల్ల వేయించుకున్నాడు. "నూటపద్నాలుగో సర్వే నంబరు ఎవరిది?"

మునెయ్య లేచి బొటనవేలు చాచాడు.

దేవరాజులు చెయ్యి పట్టుకున్నాడు. "ఏంది చిన్నాయనా ఇది?"

"పేరు పోయి నంబరైనాక ఇంకేముండాదిరా? అంత మొనగాణ్ణే మింగేసిందే. మనమెంత?"

"అది వట్టి సినిమా. కథ అట్ల ఉండదు."

"సదువుకున్నోడు సెప్పినాడు. ఐదో తరగతి తప్పినోడివి, నీకొచ్చిందా ఇంగ్లీషు?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే వరసలో నిలబడ్డారు.

కాట్పాడి రైల్లో రావలసిన ఆఖరి రీలు రాకపోతే, ఇంగ్లీషు ముక్క తెలియకుండానే తెర వెనక మైకు పట్టుకుని ఆ ముగింపు అల్లింది తానేనని చెప్పే ధైర్యం లేక, దేవరాజులు అందరికన్నా చివర సంతకం చేసి తన రెండెకరాల ముప్పైఏడు సెంట్లు పోగొట్టుకున్నాడు.